కింది పట్టీ

"సాయంత్రం మా ఆఫీసు వాళ్ళు నలుగురొస్తారు, నీకు ఇబ్బందేం లేదుగా?" అని భర్త అడిగేసరికి ఆమె రెండు చేతుల్లో రెండు టిఫిన్ డబ్బాలు, మోచేతి సందులో నీళ్ళ సీసా, నోట్లో పాప జడకి కట్టాల్సిన రిబ్బను ఉన్నాయి. రిబ్బను పళ్ళ మధ్య అలాగే పట్టుకుని "లేదు" అంది. అతని ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు బయటికొచ్చేసింది. అతను సంతోషించి, చెవి దగ్గరున్న ఫోనులో "మా ఇంట్లో ఏం సమస్య లేదండీ, తను ఏదైనా చిటికెలో చేసేస్తుంది" అన్నాడు. చిటికె అంటే మూడు గంటలని అతనికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

ఇలాంటి రోజుల్లో నలుగురిని ఇంటికి పిలవడమేమిటని అడగాలనిపించింది. ఊపిరితిత్తుల్ని పట్టే ఆ మహమ్మారి పోయిందనుకున్నాక మళ్ళీ వచ్చి మూడు వారాలైంది. మూసిన గదిలో పది నిమిషాలు పక్కపక్కన కూర్చుంటే ఏమవుతుందో ఆమె మెడికల్ కాలేజీలో బొమ్మలు గీసి మరీ చెబుతుంది. ఇంట్లో మాత్రం కిటికీ తెరిస్తే అత్తయ్యకి చలి. ఒకసారి గట్టిగా చెప్పబోతే భర్త నవ్వేసి, "నీ క్లాసు కాలేజీలో పెట్టుకో" అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! అత్తయ్య చెడ్డదేం కాదు. ఎవరింటికి వెళ్ళినా "మా కోడలికి నోట్లో నాలుక లేదమ్మా, బంగారం" అని మురిసిపోతూ చెబుతుంది. ఆ పొగడ్త విన్న ప్రతిసారీ ఆమెకి మెళ్ళో దండ వేసి కుర్చీకి కట్టేసినట్టుంటుంది.

కాలేజీలో ఆమె ట్యూటరు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, ఆ పొడిగింపు కాగితం ఇప్పుడు విభాగాధిపతి పెద్దసారు బల్ల మీద ఉంది. పిల్లలు ఆమెని 'ఊపిరి మేడమ్' అంటారు. రోజుకి వందసార్లు "ఊపిరి పీల్చండి, వదలండి, మళ్ళీ పీల్చండి" అనడం ఆమె పని మరి. సోమవారం నుంచి చివరి ఏడాది విద్యార్థులకి అంటువ్యాధుల వార్డులో డ్యూటీ. వార్డులో వేసుకునే గట్టి మాస్కు ఎవరి ముఖానికి సరిగ్గా అతుక్కుంటుందో, ఎవరికి పక్కల నుంచి గాలి చొరబడుతుందో ముందే తేల్చాలి. ఆ పరీక్ష ఆమె చేతిలో ఉంది. అబ్బాయిలంతా అయిపోయారు, ఈ శనివారం ఆఖరి జట్టు, పన్నెండు మంది ఆడపిల్లలు. నాలుగు గంటలకల్లా జాబితా పెద్దసారు చేతిలో ఉండాలి.

పరీక్ష చూడ్డానికి తమాషాగా ఉంటుంది. విద్యార్థి స్టూలు మీద కూర్చుంటే తలకి ముందు భాగం అద్దంలా కనిపించే ప్లాస్టిక్ ముసుగు తొడుగుతారు. ముసుగుకో చిన్న కన్నం, ఆ కన్నంలోంచి రబ్బరు బంతి నొక్కుతూ చేదు మందు పొగమంచులా లోపలికి కొడతారు. మొదట మాస్కు లేకుండా కొడితే అందరూ ముఖం వికారంగా పెట్టి "యాక్" అంటారు, అంటే నాలుక పనిచేస్తోందన్నమాట. నోరు పుక్కిలించి, కాసేపాగి, మాస్కు పెట్టుకుని మళ్ళీ కూర్చోవాలి. మామూలుగా ఊపిరి, గట్టిగా ఊపిరి, తల అటూ ఇటూ, పైకీ కిందికీ, ఒక పేరా పైకి చదవడం, నడుం వంచడం. ఇన్ని విన్యాసాల్లో ఒక్కసారైనా చేదు తగిలితే మాస్కు లీకవుతున్నట్టే. యంత్రం లేదు, మీటరు లేదు. కూర్చున్న మనిషి నోటి మాటే కొలత.

ఆ కొలత మీద ఆమెకి ఆ ఉదయం వరకూ ఏ అనుమానమూ లేదు. ఎందుకుంటుంది? పోయిన నెలే నూరుమంది విద్యార్థులకి ప్రశ్నపత్రం పంచింది. 'మాస్కు పక్కల నుంచి గాలి వస్తున్నట్టనిపిస్తే ఏం చేస్తారు?' అన్న ప్రశ్నకి తొంభై ఎనిమిది మంది 'వెంటనే చెబుతాం, వార్డులోకి వెళ్ళం' అని రాశారు. మిగతా ఇద్దరు ప్రశ్న వదిలేశారు. వ్యాధి గురించి మా పిల్లలకున్నంత అవగాహన ఇంకెక్కడా లేదని పెద్దసారు ఒక సదస్సులో చదివి చప్పట్లు కొట్టించుకొచ్చాడు. ప్రశ్నలు రాసింది, పంచింది, దిద్దింది, లెక్కకట్టింది ఆమె. సదస్సుకి వెళ్ళేముందు ఆయన కాగితాల వరస సరిచేసి సంచీలో పెట్టిందీ ఆమే.

ముందుగా ర్యాంకు పిల్ల కూర్చుంది. మొదటి ఏడాది నుంచీ ఎవరికీ మొదటి ర్యాంకు వదలని పిల్ల కాబట్టి ఆ పేరు. అడిగిన ప్రతిసారీ "చేదుందా?" "లేదు మేడమ్." ఆరు విన్యాసాలు, ఆరు 'లేదు'లు. కాకపోతే పేరా చదివేటప్పుడు మధ్యలో ఆగి గుటక మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేడికేమోననుకుంది ఆమె. ముసుగు తీసింది. తీసి, అలాగే నిలబడిపోయింది.

మాస్కుకి రెండు పట్టీలుంటాయి. ఒకటి నడినెత్తి మీదికి, ఇంకోటి చెవుల కింద నుంచి మెడ వెనక్కి. ర్యాంకు పిల్ల కింది పట్టీ వేసుకోవడం మరిచిపోయింది. అది గడ్డం కింద వేలాడుతోంది. మాస్కు అడుగు భాగం గిన్నె మీద ఓరగా పెట్టిన మూతలా తెరుచుకునే ఉంది.

"ఇది వేసుకోలేదేం?"

ఆ పిల్ల చెయ్యి మెడ మీదికి పోయింది. "అయ్యో, మర్చిపోయాను మేడమ్."

"మరి చేదు తెలియాలిగా?"

ర్యాంకు పిల్ల వేలాడుతున్న పట్టీని గబగబా మెడ వెనక్కి లాక్కుంది. కిందికి చూసింది. ఆమెకి మాత్రం చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. కోపం కాదు. ఏళ్ళ తరబడి వెతుకుతున్న తాళంచెవి చేతికి తగిలితే పుట్టే ఉత్సాహం. "పక్క గదిలో కూర్చో, ఎవరితో మాట్లాడకు" అని ఆ పిల్లని పంపి, మిగతా పదకొండు మందిని ఒక్కొక్కరినీ పిలిచింది. "ఇవాళ కింది పట్టీ వెయ్యకండి" అంది. ఎందుకని ఒక్కరూ అడగలేదు, చెప్పిన పని చేసి చేసి అలవాటైన పిల్లలు. రబ్బరు బంతి మామూలు కంటే గట్టిగానే నొక్కింది. చేదుందా అంటే లేదు మేడమ్. గుటకలు మింగుతూ లేదు మేడమ్. ముక్కు ఎర్రబడి లేదు మేడమ్. ఒకమ్మాయి "కొంచెం..." అని, వెంటనే నాలిక్కరుచుకుని, "కొంచెం కూడా లేదు మేడమ్" అంది. పన్నెండుకి పన్నెండు మందీ, తెరిచిన మూతలోంచి చేదు తాగుతూ, లేదన్నారు!

శాస్త్రం చదివిన మనిషి కదా, అంతటితో ఆగలేదు. పాసైన చీటీల కోసం వచ్చిన అబ్బాయిలు ముగ్గురు గుమ్మంలో ఉంటే లోపలికి పిలిచి, వాళ్ళకీ కింది పట్టీ లేకుండా ముసుగు తొడిగింది. మూడో నొక్కుకే మొదటివాడు "ఛీ! ఏంటి మేడమ్ ఇది!" అని ముసుగు పీకి విసిరేశాడు. రెండోవాడు కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. మూడోవాడు నిన్నటి దాకా బాగానే ఉన్న మందుని ఇవాళ ఆమె పాడుచేసిందని తేల్చి, పెద్దసారుకి చెబుతానన్నాడు. వాళ్ళు ఆమెకి ముద్దొచ్చారు. చేదుని చేదు అనడానికి వాళ్ళకి ఒక్క క్షణం పట్టలేదు.

పక్క గదిలో ర్యాంకు పిల్ల బల్ల అంచు గోటితో గీకుతూ కూర్చుంది.

"తిట్టను. ఎందుకో చెప్పు చాలు" అందామె ఎదురుగా కూర్చుని.

"పోయిన వారం జట్టులో ఇద్దరు నిజం చెప్పారు కదా మేడమ్. ఏమైందో మీకు తెలీదా? పెద్దసారు 'ముఖాలు చిన్నవమ్మా మీవి, వార్డు మీకెందుకు' అని ఫోన్లు ఎత్తే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వార్డు హాజరు సున్నా. ఆర్నెల్లు ఆగి మళ్ళీ చెయ్యాలి. అబ్బాయిలు వాళ్ళని చేదక్కలని పిలుస్తున్నారు. అందుకే హాస్టల్లో అందరం కూర్చుని అనుకున్నాం, ఏమడిగినా లేదనాలని."

"ప్రశ్నపత్రంలో అంత చక్కగా రాశావు!"

"తెలుసు కాబట్టి రాశాం మేడమ్. అది రాత పరీక్ష, ఇది వార్డు డ్యూటీ."

"జబ్బొస్తే?"

"రావచ్చు, రాకపోవచ్చు. హాజరు పోవడం మాత్రం ఖాయం." ఆ పిల్లే మళ్ళీ అంది, "కష్టమేం కాలేదు మేడమ్. అలవాటే. ఇంటి నుంచి ఫోనొస్తే ఏడుస్తూ కూడా బాగున్నాననే చెబుతాం కదా."

ఆ ఇద్దరూ ఫోన్ల బల్ల దగ్గరికి పోయింది కూడా తను ఇచ్చిన జాబితాతోనే. వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టారో కనుక్కోవాలని తనకి తోచనే లేదు. ఆ సిగ్గుతో పాటు ఇంకో సంగతి తీగ లాగితే డొంకంతా కదిలినట్టు బయటపడింది. చిన్న సైజు మాస్కులు కావాలని ఆమె మూడుసార్లు స్టోరుకి రాసింది. మూడుసార్లూ 'దాదాపు అందరూ పరీక్షలో పాసవుతున్నారు, అవసరం లేదు' అని తిరిగొచ్చింది. పెద్ద పెద్ద ముఖాలకి అచ్చుపోసిన మాస్కు, దానికి సరిపోని ముఖాలు, సరిపోయిందని చెప్పే నోళ్ళు. ఈ నోళ్ళు అలా చెబుతున్నంత కాలం చిన్న మాస్కు రాదు. ఈ ముడి ఎక్కడ విప్పాలో ఇప్పుడు తెలిసింది. చీటీలు, అంకెలు, పట్టీ ఉన్నదీ లేనిదీ అన్నీ గబగబా కాగితం మీద పెడుతుంటే ఆమెకి మధ్యాహ్నం తినలేదన్న సంగతే గుర్తు రాలేదు. పక్క ఆసుపత్రి స్టోరుకి ఫోను చేసింది. చిన్న సైజువి రెండు పెట్టెలున్నాయి, అడిగినవాళ్ళు లేక పడున్నాయట. మాస్కు లీకైన వాళ్ళ జాబితా, దాని మీద విభాగాధిపతి సంతకం ఉంటే ఈ సాయంత్రమే ఇస్తామన్నారు.

ఫోను పెట్టేస్తుండగా భర్త నుంచి సందేశం. 'నలుగురు కాదు, ఏడుగురట. ఓకేనా?' ఆమె వేలు దానంతట అదే 'ఓకే' నొక్కి పంపేసింది. పంపాక చూసుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అటూ ఇటూ చూసింది, ఎవరైనా చూశారేమోనని. మడత పెట్టాల్సిన బట్టలుండగా ఏడుగురికి వంట, ఆ తర్వాత ఏడుగురి గిన్నెలు, మూసిన కిటికీల మధ్య ఏడుగురి ఊపిరి, పక్కనే దగ్గుతో పాప. దీనికంతటికీ ఓకే! తిట్టేవాళ్ళు లేరు, కొట్టేవాళ్ళు లేరు, హాజరు కూడా పోదు. అయినా అంది. పన్నెండు మంది పిల్లల్ని పట్టుకున్నానని ఎగిరిపడుతున్న మనిషి పదమూడో ఆవిడని మరిచిపోయింది.

నాలుగింటికి పెద్దసారు తానే వచ్చాడు. మంచి మాటకారి, అందరినీ తల్లీ అంటాడు. "ఏం తల్లీ, అందరూ పాసేనా? నీ కాగితం మీద సంతకం సోమవారం పెడతాలే, మరిచిపోను" అంటూ జాబితా కోసం చెయ్యి చాచాడు.

ఆమె చెప్పింది. ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా. కింది పట్టీ సంగతి, పన్నెండు లేదులు, ముగ్గురు అబ్బాయిలు, తిరిగొచ్చిన చీటీలు, పక్క ఆసుపత్రిలో రెండు పెట్టెలు. ఆయన ఓపిగ్గానే విన్నాడు. విని, గోడవారగా నిలబడ్డ ఆడపిల్లల వైపు తిరిగాడు.

"ఏమ్మా, మీకు చేదు తగిలిందా?"

"లేదు సార్." పన్నెండు గొంతులు, బడిలో ఎక్కం చదివినట్టు. ర్యాంకు పిల్ల గొంతూ అందులో ఉంది. ఆ పిల్ల మాత్రం ఆమె వైపు చూడలేదు.

"చూశావా? తాగినవాళ్ళే లేదంటుంటే మధ్యలో నీకెందుకు తల్లీ చేదు? గట్టిగా కట్టుకోమను, సరిపోతుంది. తే, సంతకం పెడతా."

కాగితం ఇచ్చేస్తే అయిపోతుంది. సోమవారం ఆమె ఉద్యోగం ఇంకో ఏడాది నిలబడుతుంది, ఈ పిల్లలు వార్డులోకి వెళతారు, వాళ్ళలో ఎవరికి జబ్బు తగిలిందో నెల తిరిగేసరికి తెలుస్తుంది. ఆమె కాగితం ఇవ్వలేదు. బల్ల మీద నుంచి కొత్త మాస్కు తీసి, రెండు పట్టీలూ సరిగ్గా వేసుకుని, ముక్కు దగ్గర తీగ నొక్కుకుని స్టూలు మీద కూర్చుంది. "నువ్వు కొట్టు" అంది ర్యాంకు పిల్లతో. ముసుగు తనే తొడుక్కుంది.

రబ్బరు బంతి చప్పుడు. ఊపిరి పీల్చింది, వదిలింది. ముసుగులోపల లోకం మసకగా ఉంది, తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. తల అటూ ఇటూ తిప్పింది. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకపోవడమేమిటి, అది ఎప్పుడూ అక్కడే ఉంది, ఆమె చూడలేదంతే. రెండేళ్ళ కిందట ఊళ్ళోకి మొదటిసారి ఈ జబ్బొచ్చినప్పుడు ఇదే స్టూలు. పెద్దసారే బంతి నొక్కాడు. చుట్టూ నలుగురు మగ డాక్టర్లు, నలుగురూ పాసై చేతులు కట్టుకుని నిలబడ్డారు. 'చేదుందా తల్లీ?' గొంతు దాకా చేదు. 'లేదు సార్.' ఆ మాస్కుతోనే నాలుగు నెలలు వార్డులో తిరిగింది. మూడో నెలలో జబ్బు తగిలి ఇరవై రోజులు గది తలుపు వేసుకుని పడుకుంది. అత్తయ్య కంచం గుమ్మంలో పెట్టి వెళ్ళేది. 'నేర్పే పంతులమ్మకే తగిలింది' అని భర్త ఫోన్లో అందరికీ చెప్పి నవ్వేవాడు. ఎలా తగిలిందో తెలీదు, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నానని తానూ అంది. ఎంత అబద్ధం! ఎలా తగిలిందో ఆమెకి మొదటిరోజు నుంచీ తెలుసు.

నడుం వంచగానే గడ్డం పక్క నుంచి సన్నగా గాలి, వెంటనే నాలుక మీద, గొంతులో. ఆమె ముసుగు పైకెత్తింది.

"చేదుగా ఉంది."

పెద్దసారు నవ్వాడు. "రెండేళ్ళుగా ఇదే రకం మాస్కు పెట్టుకుని తిరుగుతున్నావు కదా తల్లీ, ఇవాళే చేదెక్కిందా?"

"రెండేళ్ళ కిందటా చేదుగానే ఉంది సార్. మీరడిగితే లేదన్నాను. దాంతోనే జబ్బు తెచ్చుకున్నాను. నాకు తెలియకుండానే వీళ్ళకీ అదే నేర్పాను."

రబ్బరు బంతి పట్టుకున్న ర్యాంకు పిల్ల దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది. "నాకూ ఉంది సార్" అంది. వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా అంది. "చాలా చేదు సార్. మూడు గ్లాసుల నీళ్ళు తాగినా పోలేదు." వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. "నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి సార్." "నాకు వాంతి వచ్చినంత పనైంది." కొంచెం కూడా లేదన్న అమ్మాయి అందర్నీ తోసుకుని ముందుకొచ్చి, "నాకైతే కొంచెం కాదు సార్!" అంది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చేదు ఎక్కడ తగిలింది, ఎప్పుడు తగిలింది, ఎలా మింగారు. పెళ్ళిలో కూడా అంత సందడి ఉండదు.

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే సోమవారం వార్డుకి ఎవరెళతారమ్మా?"

"సరిపోయే మాస్కు ఉన్నవాళ్ళు సార్. పెట్టెలు ఇవాళే తెప్పించుకుంటే వీళ్ళూ వెళతారు. పోయిన వారం ఇద్దరి హాజరు కూడా తిరిగివ్వాలి, మాస్కు తేకపోవడం మన తప్పు. ఆ ముక్క కూడా రాస్తున్నాను."

ఆయన బల్ల వైపు, గుమ్మం వైపు చూశాడు. పన్నెండు మంది ఆడపిల్లలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు, కావాలని కాదు, మాటల హడావిడిలో. "సరే, పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చెయ్యి. తర్వాత చూద్దాం" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె ఉద్యోగం కాగితం ఏమవుతుందో ఆయన అనలేదు, ఆమె అడగలేదు.

ఫోను తీసింది. 'ఓకే కాదు. ఏడుగురూ వద్దు, నలుగురూ వద్దు. ఈ జబ్బు తగ్గేదాకా మనింటికి ఎవరూ రాకూడదు. నేను ఆలస్యంగా వస్తాను. కిటికీలు తెరిచి, పాపకి అన్నం మీరే పెట్టండి.' పంపిన మరుక్షణం ఫోను మోగింది. సొరుగులో పెట్టి మూసింది. సొరుగు కాసేపు గుర్రుమని ఊరుకుంది.

కొత్త కాగితం మీద గళ్ళు గీసింది. 'మాస్కు సరిపోనివారు' అన్న గడిలో మొదటి వరసలో తన పేరు రాసుకుంది. పక్కన ఎప్పుడు, ఏ విన్యాసంలో చేదు తగిలిందో రాసింది. తర్వాత తలెత్తి, "తర్వాత ఎవరు?" అంది.

స్టూలు కోసం ఆడపిల్లలు ఒకరినొకరు తోసుకున్నారు.